నీళ్లు పోయని వేసవి

మూడో గట్టు. సరుగుడు పట్టె. నాటిన పందొమ్మిదో ఏడు.

మార్చి 3

ఈరోజు ఒక చెట్టు పడింది. గాలి లేదు. చెప్పుకోదగ్గ గాలి లేదు; ఆరేసిన చీరలు కదిలాయి, అంతే. పదమూడో వరసలో ఒక సరుగుడు మెల్లగా వాలి, పక్క చెట్టు భుజం మీద ఆగింది.

నేను వెళ్లేసరికి ఆ వరస ఇంటివాళ్లు చెప్పులు విప్పి చుట్టూ నిలబడి ఉన్నారు. చెవిబిళ్లలో ఏమైనా విన్నారా అని అడిగాను.

"ఒక్క పిలుపు నేదమ్మా" అంది ఇంటావిడ. "నిన్న కూడా రెండు బిందెలు పోసినాం. మా వరస ఎప్పుడైనా పిలిసిందేటి? నువ్వే సెప్పు."

అది నిజం. సముద్రపు గాలికి అడ్డంగా నాటిన ఈ పట్టెలో ప్రతి చెట్టు బెరడులోనూ గోరంత ముల్లు ఉంటుంది. దాహమైనప్పుడు చెట్టు లోపలి నీటి దారాలు తెగుతాయి. తెగినప్పుడల్లా ఒక చిటుకు. మన చెవికి అందని ఆ చిటుకును ముల్లు పట్టుకుని చెవిబిళ్లకు పంపుతుంది. పేలాలు వేగుతున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని పిలుపు అంటారు. పిలుపు వింటే బిందె ఎత్తాలి. ఈ ఊళ్లో దొంగతనానికి క్షమాపణ ఉంది గానీ, పిలుపు విని కూర్చున్నవాళ్లకు లేదు.

పడిన చెట్టు వేళ్లు చూశాను. పళ్లెంలా ఉన్నాయి. వెడల్పుగా, పల్చగా, ఒకదాన్నొకటి చుట్టుకుని ఉన్నాయి. లోతు నా మోచేతి దాకా కూడా లేదు.

మార్చి 6

వేరు వేరు వరసల్లో తవ్వి చూశాను. అన్నిచోట్లా పళ్లెమే.

ఇసక కింద, నిలువెత్తు లోతులో, మంచినీటి పొర ఉంది. ఊరి చెలమలన్నీ దాని మీదే బతుకుతున్నాయి. చెట్లు కూడా దాని మీదే బతకాలి. కానీ ఇన్నేళ్లలో ఒక్క వేరుకూ అక్కడిదాకా దిగే అవసరం పడలేదు. అవసరం పడేలోపే బిందె వచ్చేసింది.

సాయంత్రం వరసల మధ్య నడిచాను. ఆ వేళకు ఊరంతా అక్కడే ఉంటుంది. ఇంటికో వరస. ఒకరి వరసను ఇంకొకరు, వినడానికి రానట్టుగా వచ్చి, వింటారు. పెళ్లిసంబంధాలవాళ్లు కూడా గుమ్మం తొక్కే ముందు ఆ ఇంటి వరస వెంట ఒకసారి నడిచిపోతారు. నిశ్శబ్దంగా ఉంటే మంచి ఇల్లు.

"దాలయ్యా, నీ వరస కొసన పేలాలేవో వేగుతున్నాయి. ఇంట్లో పండగేటి?" అంది బంగారప్ప.

దాలయ్య ఊరికి వరసపెద్ద. అందరి వరసల మంచిచెడ్డలూ ఆయనే చూడాలి. "ముసిల్దానివి అయిపోయినావు గానీ నీ సెవులు ముసిలివి కావు" అంటూ బిందె కోసం పరిగెత్తాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా పరిగెడుతూనే నవ్వాడు.

బంగారప్పది మొదటి వరస. సముద్రానికి ఎదురుగా ఉంటుంది. ఆమె ఒక్కతే ఉంటుంది, వలలు అల్లుతుంది. పట్టె చూసుకునే ఉద్యోగం మీద వచ్చి, ఆమె ఇంటి వసారా గదిలోనే నేను ఉంటున్నాను. ఆ వరస పిలవడం ఈ రెండేళ్లలో నేను వినలేదు.

మార్చి 8

తీరం వెంట గట్లూ పట్టెలూ చూసే తీర సంఘం నుంచి కబురు. జూలై చివర లాగుడు పరీక్ష. చెట్లకు తాడు కట్టి మరతో లాగుతారు. వేళ్లు లేస్తే పట్టె పనికిరాదని రాస్తారు. పట్టె పనికిరాకపోతే, దాని వెనక ఊరు ఉండకూడదు. అందరూ ఎగువ శిబిరాలకు వెళ్లాలి.

సముద్రం గట్టు తెంపినప్పుడల్లా ఊరు వెనక్కి జరిగి కొత్త గట్టు వేసుకుంది; మొదటి గట్టు తెగినప్పుడు ఎగువకు వెళ్లినవాళ్లు ఇప్పటికీ శిబిరాల్లోనే ఉన్నారు. అక్కడ సముద్రం లేదు. తీసుకెళ్లిన పడవలను చీల్చి పొయ్యిలో పెట్టుకున్నారని దాలయ్య చెప్పాడు.

ఇప్పటి పళ్లేలను తాడు కట్టి లాగనక్కర్లేదు. ఇద్దరు మనుషులు గట్టిగా ఆనుకుంటే చాలు.

వానలు ఈ కాలంలో ఆగస్టు దాటితే గానీ రావు. అంటే నాకు ఒక పూర్తి వేసవి ఉంది. ఏం చెయ్యాలో తెలుసు. దాన్ని నోటితో చెప్పడం ఎలాగో తెలియదు.

మార్చి 10

చెప్పాను.

వలల పాకలో అందరూ కూర్చున్నారు. కాగితం మీద రాసుకున్నది చదివాను. కాన్వెంట్ స్కూల్లో సిస్టర్లు బల్లమీద వేలితో కొట్టి 'వెనక వరసకి వినపడాలి' అనేవారు. వెనక వరసకు ఎప్పుడూ వినపడలేదు.

"గట్టిగా సెప్పమ్మా" అన్నాడు దాలయ్య. "పేరు సూస్తే సుభాషిణి. గొంతు సూస్తే దోమ గొంతు."

మళ్లీ మొదటినుంచి చదివాను. ఈ వేసవంతా నీళ్లు పోయకూడదు. చెట్లు పిలుస్తాయి. పిలవనివ్వాలి. దాహానికి వేళ్లు కిందికి దిగుతాయి, మంచినీటి పొర అందుకుంటాయి. కొన్ని చెట్లు చనిపోతాయి. మిగిలినవి నిలుస్తాయి.

పదమూడో వరస ఇంటావిడ అడిగింది: "పిలుస్తుంటే ఇంటూ కూకోమంటావా?"

అప్పుడు బంగారప్ప లేచింది. నా వైపే చూసి మాట్లాడింది.

"రెండో గట్టు తెగిన రోజు నువ్వు బుట్టలో ఉన్నావు గుంటా. మేం ఒడ్డున ఉన్నాం. అటు మునిగిన ఇళ్ల కప్పుల మీదినించి పిలిసినారు. పొద్దున్న పిలిసినారు. మజ్జానం పిలిసినారు. పడవలన్నీ నీళ్లే పట్టుకుపోయినాయి, మేం ఎల్లలేకపోయినాం. సందేళకి పిలవడం మానీసినారు." పైట సర్దుకుంది. "మీయమ్మ కూడా పిలిసే ఉంటాది."

కోపంగా అనలేదు. నాకు తెలియాలని అంది.

నన్ను బుట్టతో సహా ఎవరో ఎగువ కాన్వెంట్‌కు చేర్చారని సిస్టర్లు చెప్పారు. అందుకే చదువు అయ్యాక ఈ ఊరే కావాలని అడిగాను. ఇక్కడి నియమం ఎక్కడ పుట్టిందో మాత్రం ఈ రోజు దాకా ఎవరూ నాకు చెప్పలేదు. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరు చెబుతారు?

కాగితం మడిచాను. కాగితంలో లేని మాట ఒక్కటి అన్నాను. "ఈ చెట్లు పడిపోతే, గాలివాన వచ్చిన రోజు మళ్లీ కప్పుల మీదికే ఎక్కాలి."

మొదట దాలయ్య చెయ్యి ఎత్తాడు. తర్వాత ఒక్కొక్కరూ.

వాళ్లకు కష్టం తగ్గించాలనుకున్నాను. చెవిబిళ్లలు నాకు ఇచ్చెయ్యమన్నాను. వినకపోతే బాధ ఉండదు. రోజూ నేనే అన్ని వరసలూ విని చూసుకుంటాను అన్నాను. దాలయ్య అందరికన్నా ముందు తీసి ఇచ్చాడు. బిస్కెట్ల డబ్బా నిండింది. బంగారప్ప ఇవ్వలేదు.

ఏప్రిల్ 2

ఊరు వేరేగా ఉంది. సాయంత్రాలు ఎవరూ పట్టెలోకి రావడం లేదు. తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు, లేకపోతే చిన్న విషయాలకు పోట్లాడుకుంటున్నారు. బిందెలు గోడవారన బోర్లించి ఉన్నాయి.

నేను రోజూ తెల్లవారగానే వరసలన్నీ నడుస్తాను. అప్పుడప్పుడూ ఒక చిటుకు. ఎక్కడా ప్రమాదం కనిపించడం లేదు. సరుగుడాకు కొసలు మాత్రం ఎర్రబడుతున్నాయి. అది అనుకున్నదే.

ఏప్రిల్ 11

బంగారప్ప చెవిలో ఇంకా బిళ్ల ఉంది. అన్నం తింటున్నప్పుడు అడిగాను.

"అప్పా, అది ఇచ్చెయ్యండి. వింటూ ఉంటే పోయకుండా ఉండలేరు."

"నువ్వెప్పుడైనా పిల్లకి పాలు మానిపించినావేటి?"

"లేదు."

"అది తెలస్తానే ఉంది." చేప ముల్లు తీసి నా కంచంలో చేప ముక్క పెట్టింది. "యాపాకు నూరి రొమ్ముకి రాసుకుంటాం. పిల్ల ఏడుస్తాది. ఇంటి కప్పు లేసిపోయేటట్టు ఏడుస్తాది. తల్లి ఇయ్యదు. ఇయ్యదు గానీ, వదిలీసి వీధిలోకి ఎల్లిపోతాదేటి? సంకనేసుకునే తిరుగుతాది. ఏడుపులో తేడా వస్తే తెలియొద్దూ?"

"చెట్టు పిల్ల కాదు కదా అప్పా." అన్నాక, ఎందుకన్నానా అనిపించింది.

"కాదు. పిల్లైతే నడిసి నా దగ్గిరికొచ్చీది."

ఆమె పెట్టిన చేప ముక్క తిన్నాను.

ఏప్రిల్ 27

బంగారప్ప దొంగతనంగా నీళ్లు పోస్తోందని ఊళ్లో మాట పుట్టింది. దాలయ్య నాతో చెప్పాడు. "దానిమీద నాకేటీ కోపం నేదు. గానీ అది పోస్తాందని తెలిస్తే అందరూ పోస్తారు. నువ్వెల్లి సూడు. నా వల్ల కాదు, దాని నోరు నీకు తెలీదు."

మిట్టమధ్యాహ్నం వెళ్లాను. ఇసక చెప్పుల్లోంచి కాలుతోంది. మొదటి వరస మధ్యలో తాటాకు గొడుగు పాతుకుని ఆమె కూర్చుని ఉంది. మోకాళ్ల మీద వల. చేతులు అల్లుతున్నాయి. చెవిలో బిళ్ల. పక్కన బిందె లేదు, తాగడానికి చెంబు కూడా లేదు.

"పంపించినారా?" అంది.

తల ఊపాను.

"ఏలు పెట్టి సూసుకో."

వేలు పెట్టి చూశాను. చెట్టు చెట్టుకూ చూశాను. పొడి ఇసక. నేను సిగ్గుపడి లేచేసరికి ఆమె నా వైపు చూడటం లేదు. మెడ కాస్త వంచి, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు వింటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉప్పుగాలి వల్ల కావచ్చు.

చెంబు ఎందుకు తెచ్చుకోలేదని అడిగాను.

"ఆటికి నీళ్లు నేకపోతే నాకేల?"

మే 9

మధ్యాహ్నం బంగారప్ప ఎండలో పడి నా గదికి వచ్చింది. ఆమె ఇంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"దాలయ్య వరసలో గొంతు మారింది. రా."

ఆమె తన వరసే కాదు, రోజూ ఎండవేళ పట్టె ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తోందట. అది నాకు తెలియదు. "అన్నీ పలుకుతాయి, ఆగుతాయి, మళ్లీ పలుకుతాయి. ఆగినప్పుడు లోపలేదో పని సేసుకుంటన్నట్టు ఉంటాది. దాలయ్యది రెండ్రోజులై ఆగటం నేదు."

ఉత్తరం కొసన ఉన్న ఆయన వరసకు వెళ్లి విన్నాను. పేలాల చప్పుడు కాదది. రేకుల మీద వాన. తెరిపి లేని వాన.

ఈ ఉదయమే అక్కడ నిలబడి విన్నాను. 'సాధారణం' అని రాసుకున్నాను. తెల్లవారుజామున, రాత్రి చల్లదనానికి, చావబోయే చెట్టు కూడా కాసేపు నిమ్మళిస్తుంది. నేను వినడానికి తేలికైన వేళ ఎంచుకున్నాను. పిలుపులుండే వేళ కాదు.

దాలయ్యను పిలిచి అక్కడే తవ్వాం. రెండు మూరల కింద బంకమట్టి. పలకలా గట్టిగా ఉంది. వేళ్లు దానిదాకా దిగాయి. అడ్డం తగిలాక పక్కలకు తిరిగి దాన్ని గీరుతున్నట్టుగా పాకాయి. మిగతా పట్టె కింద ఉత్త ఇసకే. ఈ కొసన మాత్రం ఎప్పటిదో చెరువు అడుగు ఉండి ఉంటుంది. నేను ముందు ఇక్కడ తవ్వి చూడలేదు.

దాలయ్య గోతి అంచున కూర్చున్నాడు. ఆయన నవ్వకుండా ఉండటం నాకు కొత్త.

"నువ్వు తియ్యమంటే తీసినాను. నా సెవిలో ఉండుంటే నాకు తెలిసీది కదమ్మా."

"అవును. తప్పు నాది" అన్నాను.

ఆయన వంగి, బయటపడ్డ వేళ్ల మీద ఇసక కప్పాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మే 12

బంకమట్టిని గునపాలతో పొడిచి దారి చేశాం. చెట్టుకు రెండు కన్నాలు. వెదురు బొంగుల కణుపులకు కాల్చిన ఊచతో చిల్లులు పెట్టి ఆ కన్నాల్లో దింపాం. నీళ్లు బొంగులోంచి మట్టి పొర కిందికి పోతాయి. పైన ఇసక తడవదు. ఉత్తరం వరసలకు మాత్రమే ఇలా. వేరు నీటి వెనక దిగుతుందని ఆశ. ఈ పద్ధతి పుస్తకంలో చదివాను, చేతితో చెయ్యడం ఇదే మొదలు.

ఊరంతా వచ్చింది. ఎవరినీ పిలవలేదు. మూడు చెట్లు అప్పటికే పోయాయి.

ఊచ కాలుస్తూ దాలయ్య కోడలు నాకు మజ్జిగ ఇచ్చింది. తీసుకోవడానికి చెయ్యి రాలేదు. "తాగమ్మా, నీకు కూడా బొంగు పెట్టాలేటి?" అంది. తాగాను.

మే 13

బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఇంటింటికీ వెళ్లాను. ఒకరి గుమ్మం ముందు నిలబడి మాట్లాడటం నాకు చాలా కష్టం. ప్రతి గుమ్మం దగ్గరా ఒకే మాట చెప్పాను: "వినండి. పోయకండి. తేడా వస్తే నాకు చెప్పండి."

కొందరు వెంటనే తీసుకున్నారు. పదమూడో వరస ఇంటావిడ చాలాసేపు తీసుకోలేదు. "ఇన్నాళ్లూ ఇనకుండా కూకున్నాను. ఇప్పుడు ఏ మొకం పెట్టుకుని ఎల్లను?" అంది. ఆమెను వరస దాకా నేనే తీసుకెళ్లాను. బిళ్ల పెట్టుకున్న మొదటి క్షణం ఆమె రెండు చేతులతో చెట్టును పట్టుకుంది. అక్కడే నిలబడిపోయింది.

మే 30

ఇప్పుడు ఎండవేళ ఊరు పట్టెలో ఉంటోంది. ఎవరి వరసలో వాళ్లు గొడుగులు, పాత తెరచాపలు కట్టుకుని కూర్చుంటున్నారు. వలలు, పప్పులు ఏరడం, జుట్టు చిక్కులు తీయడం అన్నీ అక్కడే. మొదటి వారం ఎవరూ మాట్లాడుకోలేదు. తర్వాత మాటలు మొదలయ్యాయి.

"నాది ఇయ్యేళ తగ్గింది."

"తగ్గలేదు, నీకు సెవుడొచ్చింది."

"నీ వరస నా మీద సాడీలు సెప్తాందే, నాకిక్కడికి ఇనిపిస్తన్నాది."

ఎవరి పక్కనా బిందె లేదు. తాగే నీళ్లు కూడా ఇళ్లలోనే వదిలి వస్తున్నారు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. నేను నీళ్ల సీసా తీసుకెళ్లడం మానేశాను.

జూన్ 20

"ఒలే, నా వరస పలకడం నేదు."

బంగారప్ప గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడు. పట్టె అంతా ఎక్కువగా పిలిచే వేళ.

నీళ్లందిన చెట్టు పిలవదు. చచ్చిన చెట్టూ పిలవదు. చెవికి రెండూ ఒకటే. ఆ సంగతి ఆమెకు చెప్పక్కర్లేదు. ఆమె ముఖంలోనే ఉంది.

వరస మొదట్లో నిలబడ్డాం. ఆకులు అన్నిటికీ ఎర్రగానే ఉన్నాయి. వాటిని బట్టి ఏమీ తెలియదు. బొటనవేలి గోరుతో బెరడు గీరాలి. లోపల పచ్చగా తడిగా ఉంటే ఉన్నట్టు. గోధుమరంగులో పొడిగా ఉంటే లేనట్టు.

"నువ్వు గియ్యి" అంది. "నా కళ్లకి ఆనదు." ఆమె కళ్లకు వల కన్ను ఆనుతుంది.

మొదటి చెట్టు గీరాను. గోధుమరంగు. ఏమీ అనకుండా రెండోదానికి వెళ్లాను. గోధుమరంగు. ఆమె నా వెనకే నడుస్తోంది, అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మూడోది గీరినప్పుడు గోరు జారింది. వేలికి తడి అంటింది.

పచ్చగా ఉంది.

ఆమెకు చూపించాను. ఆమె నా వేలు పట్టుకుని వాసన చూసింది. తర్వాతి చెట్టు నుంచి ఆమే గీరింది.

ఆ వరసలో పదకొండు పోయాయి. మిగిలినవి ఉన్నాయి. ఒకదాని మొదట్లో ఇసక తోడి చెయ్యి దింపాను. భుజం దాకా దింపినా వేరు కొస అందలేదు. నా చెంప ఇసకకు ఆనింది. అంత లోతులో ఇసక చల్లగా ఉంది.

పోయిన చెట్ల దగ్గరికి బంగారప్ప ఒక్కతే వెనక్కి వెళ్లింది. ఒక్కో చెట్టు దగ్గరా ఆగింది. నేను దూరంగా ఉన్నాను.

తిరిగొచ్చి, "ఇవి పిలిసినప్పుడు నానున్నాను" అంది. నాకో, తనకో చెప్పినట్టు.

జూలై 30

తీర సంఘం నుంచి వసుంధర గారు వచ్చారు. సన్నగా, ఎండకు కమిలిన ముఖం, తక్కువ మాటలు. ఆమె వెంట ఇద్దరు మనుషులు, బండి మీద లాగుడు మర. చెట్టు మొదట్లో ఒక ముల్లుగడియారం పెడతారు. గడియారంలో ముల్లు ఎర్రగీత దాటితే వేళ్లు లేచినట్టు.

ఏ చెట్లు లాగాలో ఆమే ఎంచుకున్నారు. మూడు.

మొదటిది పట్టె మధ్యలో, పదమూడో వరసలో. తాడు బిగిసింది. మాను కొంచెం వంగింది. ముల్లు ఎర్రగీతకు దూరంగా ఆగింది. వసుంధర గారు రాసుకున్నారు.

రెండోది దాలయ్య వరసలో. తాడు బిగిసేకొద్దీ చెట్టు వెనక ఇసక మూత లేచినట్టు మెల్లగా లేచింది. ముల్లు గీత దాటింది. ఆమె వెంటనే మర ఆపించారు. బొంగుల వెంట దిగిన వేళ్లు చూపించాను. సన్నగా, తెల్లగా, నిజంగానే బంకమట్టి దాటి దిగాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని వాటిని ముట్టుకుని చూశారు.

"ఇంకో రెండేళ్లకు పట్టు వస్తుందమ్మా. ఈ ఏడు రాదు" అన్నారు. "ఉత్తరం వీధి ఇళ్లు ఈ గాలికాలానికి ముందే లోపలికి జరగాలి. మిగతా ఊరి సంగతి మూడో చెట్టు చూశాక చెబుతాను."

ఉత్తరం వీధిలో దాలయ్య ఇల్లే మొదటిది. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"మూడు గట్లు మారినోణ్ని. మూడు వీధులు మారలేనేటి?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక్కడే నవ్వి, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మూడోది బంగారప్ప వరసలో. సముద్రం ముఖాన ఉన్న చెట్టు.

ఊరంతా అక్కడికి నడిచింది. అందరి చెవుల్లోనూ బిళ్లలున్నాయి. తీయమని చెబుదామనుకున్నాను. బలంగా వంచినప్పుడు కూడా చెట్టు లోపల దారాలు తెగుతాయి. దాహానికన్నా గట్టిగా వినిపిస్తుంది. కానీ ఇంకొకసారి ఆ మాట అనే హక్కు నాకు లేదు. "వినలేకపోతే తీసెయ్యొచ్చు" అని మాత్రం అన్నాను. వెనక ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. ఎవరూ తీయలేదు.

తాడు బిగిసింది.

అది పిలుపు కాదు. అరుపు. నా ఒళ్లంతా ముందుకు వెళ్లబోయింది. కాళ్లను ఆపుకోవాల్సి వచ్చింది. చుట్టూ చూశాను. పదమూడో వరస ఇంటావిడ కళ్లు మూసుకుంది. దాలయ్య పెదవి కొరుక్కుంటున్నాడు. ఒక్కరు కూడా అడుగు వెయ్యలేదు, ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు. బంగారప్ప నా ముంజేయి పట్టుకుంది. ఆమె పట్టు ఎంతో గట్టిది, వల లాగే చేతులవి. ఆమె పెదవులు కదులుతున్నాయి. దగ్గరగా ఉన్నాను కాబట్టి వినిపించింది.

"ఉన్నాం. ఇక్కడే ఉన్నాం. ఉన్నాం."

మర ఇంకొంచెం లాగింది. మాను విల్లులా వంగింది. మొదట్లో ఇసక కదల్లేదు. ఒక్క రేణువు కూడా జారలేదు.

"చాలు" అన్నారు వసుంధర గారు.

తాడు వదులైంది. చెట్టు నిటారుగా లేచి ఒకసారి ఊగి నిలబడింది. ఆమె గడియారం వైపు రెండుసార్లు చూసి రాసుకున్నారు. "ముల్లు ఎర్రగీత దగ్గరికే రాలేదు. ఊరు ఉండొచ్చు" అన్నారు. ఆ మాట చాలామందికి ఆలస్యంగా అర్థమైంది, ఎందుకంటే చెవుల్లో చెట్టు ఇంకా ఆగలేదు. చిటుకులు మెల్లగా విడివిడిగా అవుతున్నాయి.

బంగారప్ప నా చెయ్యి వదిలింది. నా ముంజేతి మీద నాలుగు వేళ్ల గుర్తులు.

"అమ్మాయ్" అంది. ఈ ఊళ్లో నన్ను ఎవరూ ఏదీ ఇంత మెల్లగా అడగలేదు. "ఇప్పుడు ఒక్క బిందె పొయ్యొచ్చా?"

వేళ్లు నిలువెత్తు లోతులో ఉన్నాయి. పైన ఒక బిందె పోస్తే వాటికి లాభం లేదు, నష్టమూ లేదు. సాయంత్రానికి ఇసక ఆరిపోతుంది. అదంతా చెప్పబోయాను.

"పొయ్యొచ్చు అప్పా" అన్నాను.

ఆమె పరిగెత్తింది. ఆమె వెనక దాలయ్య, ఆయన వెనక అందరూ, చెలమల వైపు.

వసుంధర గారు చేతిలో పెన్నుతో అలాగే నిలబడి, "ఏమైంది?" అని నన్ను అడిగారు.

"పిలిచింది కదండీ" అని, నేను కూడా బిందె కోసం వెళ్లాను.